స్లైడుకు రెండు చిల్లులు

"తాతా, స్లైడు వైపు చూడండి! రోడ్డు మీద ఏముంది?" అరుణశ్రీ గట్టిగా అంది.

నరసన్నపేట కళ్ళద్దాల షాపులో, వెనక మూల బల్ల దగ్గర కూర్మయ్య చిన్న గాజు స్లైడు మీదికి డ్రిల్లు దించుతున్నాడు. ముక్కు మీద కళ్ళద్దాలు తళతళలాడుతున్నాయి. మొహం మాత్రం రోడ్డు వైపే ఉంది.

"కంగారు పడకు తల్లీ. గాజు గొంతు మార్తాది. అప్పుడు ఆపీస్తాను."

ఆపాడు. స్లైడును నీళ్ళలో ముంచి తీసి, చిల్లు చుట్టూ గోటితో రాసి, చెవి దగ్గర పెట్టి తట్టి, ఆమె చేతికిచ్చాడు.

అంచు చిట్లలేదు. రెండేళ్ళలో ముప్పై స్లైడులు చేసిచ్చాడు. ఒక్కటీ పగల్లేదు. ఫ్రేము లేని కళ్ళద్దాలకు చిల్లులు పెట్టి పెట్టి ఆరితేరిన చెయ్యి అది.

"ఇంతకీ ఇందులో ఏటి సూస్తావు తల్లీ?"

వచ్చిన ప్రతిసారీ అడిగేదే.

"చెప్పినా మీకు అర్థం కాదులే తాతా."

ఆమె ప్రతిసారీ చెప్పేదే.

అరుణశ్రీది గరివిడి. శ్రీకాకుళం దగ్గర ఒక రీసెర్చి సెంటర్లో పీహెచ్‌డీ చేస్తోంది. స్లైడుకున్న ఒక చిల్లులో ద్రవం పోస్తే రెండో చిల్లులోంచి బయటికి రావాలి. ఆ ద్రవంలో ఆర్‌ఎన్‌ఏ ఉంటుంది. దాని అణువు ఒక్కొక్కటీ తనంతట తాను ఎలా ముడుచుకుంటుందో లేజర్ వెలుగులో చూడడం ఆమె పని.

పగలంతా తలుపు మూసుకుని చీకటి గదిలో ఒక్కతే కూర్చోవాలి. ఫోన్ చేస్తే అమ్మ "తిన్నావా?" అంటుంది. గైడు "ఎప్పుడు ముగిస్తావ్?" అంటాడు. ఏం చూస్తున్నావని అడిగినవాడు ఈ ముసలాయన ఒక్కడే. పిచ్చిపిల్ల, అది కూడా గమనించుకోలేదు.

ఆ రోజు మరీ చిరాగ్గా ఉంది. నెలాఖరులోగా ఒక్క అణువైనా కనిపించి రీడింగు రాకపోతే నాలుగేళ్ళ పని గంగపాలే. పాత స్లైడులన్నీ వాడి వాడి గీతలు పడిపోయాయి. కూర్మయ్య ఇప్పుడు ఇచ్చినది కాక, చిల్లులు పెట్టాల్సిన క్వార్ట్జ్ గాజు స్లైడులు ఇంకో అయిదున్నాయి. కొత్తవి విదేశం నుంచి రావాలంటే మూడు నెలలు.

"మీరు ఎటో చూస్తూ పని చేస్తుంటే నాకు గుండె ఆగిపోతోంది తాతా. మిగతావి విశాఖలో మెషీను మీద చేయించుకుంటాను."

"అలాగే తల్లీ. ఒకపాలి సెప్పీసి పోరాదేటి? ఏటి కనిపిస్తాది అందులో?"

"ఇంకోసారి చెప్తాను," అంటూ బస్సెక్కేసింది.

విశాఖ మెషీను నాలుగు స్లైడుల్ని పగలగొట్టింది. అయిదోది చిట్లి, పోసిన ద్రవమంతా కారిపోయింది. చివరికి కూర్మయ్య చేసిన ఆ ఒక్కటే మిగిలింది.

దాన్ని కడిగి, మంట మీద కాల్చి, ద్రవం పోసి కంప్యూటర్ తెర ముందు కూర్చుంది.

ఒక పచ్చ చుక్క కనిపించింది. ఉన్నట్టుండి ఎర్రగా మారింది. మళ్ళీ పచ్చ. మళ్ళీ ఎరుపు. ఒకే ఒక్క అణువు ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది. నలభై సెకన్లు అలా ఆడి ఆరిపోయింది.

"వచ్చేసింది!" అని కేక పెట్టింది.

గదిలో ఎవరున్నారు గనక వినడానికి?

ఫోన్ తీసి, పేర్లన్నీ కిందిదాకా చూసింది. ఎవరికి చెప్పాలో తోచలేదు. ఏడుపొచ్చింది. అప్పుడు గుర్తొచ్చాడు కూర్మయ్య.

మర్నాడు ఆ రీడింగును పెద్ద రంగుల ఫోటో తీయించి నరసన్నపేట బస్సెక్కింది. దారంతా మనసులో మాటలు పేర్చుకుంది. 'దారం ముక్క లాంటిది తాతా. ఒక కొసకు పచ్చ దీపం, రెండో కొసకు ఎర్ర దీపం కట్టాం. కొసలు దగ్గరైతే ఎరుపు, దూరమైతే పచ్చ. అంతే.'

ఇంత చిన్న మాట రెండేళ్ళుగా చెప్పనందుకు ఆమెకు సిగ్గేసింది.

షాపులో మూల బల్ల ఖాళీగా ఉంది.

"కూర్మయ్య పోయి తొమ్మిది రోజులైందమ్మా," అన్నాడు యజమాని. "వాళ్ళిల్లు ఈ వెనక సందులోనే."

గుమ్మంలో కూర్మయ్య భార్య గున్నమ్మ కూర్చుని ఉంది. వచ్చిన పని చెప్పగానే ఆమె మొహం మారింది.

"అద్దం ముక్కల పాపవి నువ్వేనేటి? ఇంటికొస్తే ఇదే గోల తల్లీ. ఏటో సూస్తాదట, సెప్పమంటే సెప్పదు, ఏటై ఉంటాదే అని నన్నడిగీవోడు. నాకేటి తెలుస్తాది?"

అరుణశ్రీ ఫోటో ఆమె ఒళ్ళో పెట్టింది.

"ఆయన చేసిన స్లైడు మీదే వచ్చింది అమ్మమ్మా. చూపిద్దామని తెచ్చాను. ఒక్కసారి చూసి ఉంటే..."



గున్నమ్మ ఫోటోను అరచేత్తో నిమిరింది.

"నువ్వు నోటితో సెప్తే సాలును తల్లీ. షాపుకొచ్చినోలు నవ్వుతారని ఎవులికీ సెప్పనిచ్చీవోడు కాదు గాని, ఆయనకి సూపు పోయి పదకొండేళ్ళు."