హంసపాదు

బాగున్నదాన్ని బాగుచెయ్యడం జానకిరామ్‌కి ఉన్న జబ్బు. పోయినేడు చక్కగా తిరుగుతున్న మిక్సీని ఇంకా చక్కగా తిప్పుతానని విప్పాడు. శ్రీలలిత ఇప్పటికీ రోట్లోనే పచ్చడి నూరుతోంది. ఈ ఆదివారం కంప్యూటరు వంతు వచ్చింది.

"మావయ్యగారి పుస్తకం ప్రింటు తీశాక విప్పుకోకూడదుటండీ?"

"విప్పలేదు. అప్‌గ్రేడ్ చేశాను. మధ్యలో ఆగిపోయింది."

"అంటే?"

"లినక్సులో ఏ కమాండు నడవాలన్నా ఒక్క లైబ్రరీయే ఆధారం. కొత్తది సగం ఎక్కి ఆగింది. పాతది ఉంది కానీ, దాన్ని చూపించే లింకు తెగింది. ఏం కొట్టినా లైబ్రరీ లేదంటోంది."

"అంటే ఇంట్లో బియ్యం ఉన్నాయి, డబ్బా మీద పేరు చెరిగిందని అందరం పస్తుండాలి. తప్పయిందని ఒప్పుకోండి పోనీ."

"నా తప్పేముంది? సీడీ మీద గీత ఉంది."

"తప్పు," అన్నారు హాల్లో పడకకుర్చీలోంచి సంజీవరావుగారు.

ఇద్దరూ పట్టించుకోలేదు. ముప్పై నాలుగేళ్ళు తెలుగు మాస్టారుగా చేసిన ఆయనకి, పక్షవాతం వచ్చాక నోట్లో మిగిలింది ఆ ఒక్క మాటే. కొడుకు పలకరిస్తే తప్పు. కోడలు కాఫీ ఇస్తే తప్పు. కుడిచెయ్యి పడిపోయింది, ఎడమచేతికి పని పెట్టమన్నారు డాక్టరుగారు. శ్రీలలిత ఎర్రపెన్సిలు కొనిచ్చింది. అప్పట్నుంచీ రోజూ పేపరు నిండా వంకర గీతలు, విడిచిన అక్షరం ఇక్కడ పెట్టమని చూపించే హంసపాదులు. పేపరువాళ్ళు ఒక్కరోజూ పాసవలేదు.

రేపు పొద్దున ఆయన తలకి ఆపరేషన్. సాయంత్రం అయిదింటికల్లా ఆస్పత్రిలో చేర్చాలి. మాట తిరిగొస్తుందో, అసలు మనిషే తిరిగొస్తారో చెప్పలేమన్నారు. కొల్లేటి పల్లెలన్నీ తిరిగి ఆయన పోగుచేసిన చేపలవేట మాటలు రెండువేల చిల్లర ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి. వెళ్ళేలోగా ఆ పుస్తకం ప్రింటు తీసి ఒకసారి ఆయన చేతిలో పెట్టాలని వీళ్ళ తాపత్రయం. రెండింటికి కరెంటు తీస్తారు, మళ్ళీ ఆరింటికి గానీ ఇవ్వరు. పక్కన ఇబ్రహీంపట్నంలో పుట్టే కరెంటుకి బెజవాడ అంటే అంత అలుసు. గడియారంలో ఒకటిన్నరయింది.

"ఒకసారి ఆగిందంటే మళ్ళీ లేవదు. నేనిక్కణ్ణుంచి కదలను. కోటేశ్వరరావుకి ఫోన్ చెయ్యి," అన్నాడు జానకిరామ్ గదిలోంచి.

జానకిరామ్ స్నేహితుడు కోటేశ్వరరావు గన్నవరం దగ్గర ఏదో కాలేజీలో కంప్యూటర్లు చూస్తాడు. విషయమంతా విన్నాడు.

"కంగారు పడకు చెల్లెమ్మా. ఎస్సెల్లెన్ అని ఒక కమాండుంది. ఎవరి సాయం లేకుండా సొంత కాళ్ళమీద నడిచేది ఇప్పుడు అదొక్కటే. దాని పక్కన రెండు పేర్లు కొట్టాలి. చివర ఆరు ఉండేది లింకు పేరు. ఇంకోటి పాత లైబ్రరీ పేరు. ఆరుకి ముందు పాతది. రాసుకో."

"ఆరుకి ముందు పాతది," అని పైకి అనుకుంటూ శ్రీలలిత గబగబా రాసుకుంది. రెండు పేర్లూ అక్షరం అక్షరం చెప్పించుకుంది.

"ముందూ వెనకా చూసుకుని కొట్టమను. తేడా వస్తే ఉన్న పాతది కూడా పోతుంది."

"ఆ మాట పెళ్ళయిన దగ్గర్నుంచీ చెబుతూనే ఉన్నాను అన్నయ్యగారూ."

ఫోన్ పెట్టేసి, కాగితం మావయ్యగారి పక్కనున్న స్టూలు మీద పరిచి, హాల్లోంచే కేకేసింది.

"ఆరు ముందు. తరవాత పాతది. కొట్టుకోండి."

"తప్పు," అన్నారు సంజీవరావుగారు.

ఆవిడ అక్షరాలు చదువుతోంది. జానకిరామ్ కొడుతున్నాడు.

"తప్పు! తప్పు!" ఆయన ఎడమచేత్తో కోడలి కొంగు పట్టుకున్నారు.

"అలాగే మావయ్యగారూ, ఒక్క రెండు నిమిషాలు," అని కొంగు మెల్లిగా విడిపించుకుని శ్రీలలిత గది గుమ్మంలోకి వెళ్ళింది. "ముందూ వెనకా చూసుకున్నారా?"

"నువ్వు చెప్పిందే కొట్టాను."

"తప్పు," అన్నారు వెనకనుంచి. ఈసారి గొంతు లేవలేదు.

"నాన్నగారూ, కాస్త ఊరుకుంటారా!" అని జానకిరామ్ ఎంటర్ నొక్కాడు.

ఒక్క క్షణం ఏమీ కాలేదు. తరవాత ఏం కొట్టినా పాత జవాబే. మళ్ళీ ఎస్సెల్లెన్ కొట్టాడు. లింకు పెట్టడానికి అక్కడ పాతదీ లేదు.

శ్రీలలిత మళ్ళీ ఫోన్ చేసింది. కోటేశ్వరరావు ఏం కొట్టారో అడిగి విన్నాడు.

"తిరగేసి కొట్టారమ్మా. పాతది చెరిగిపోయింది. మాస్టారి పుస్తకం ఎక్కడికీ పోలేదులే. రేపు డిస్కు తీసి కాలేజీకి పట్టుకురమ్మను, తీసిస్తాను."

"రేపా అన్నయ్యగారూ," అని శ్రీలలిత ఫోన్ పెట్టేసింది.

ఫ్యాను తిరిగి తిరిగి ఆగింది. రెండయింది. జానకిరామ్ చెమట తుడుచుకుంటూ హాల్లోకి వచ్చాడు.

"తిరగేసి కొట్టారట," అంది శ్రీలలిత. "ముందూ వెనకా చూసుకోమని చిలక్కి చెప్పినట్టు చెప్పాను."

"నువ్వు చెప్పినట్టే కొట్టాను."

"నేను అన్నయ్యగారు చెప్పినట్టే చెప్పాను. ఇప్పుడైనా తప్పని ఒప్పుకుంటే మీ సొమ్మేం పోతుంది? ఇదిగో, కాగితమే చూడండి."

స్టూలు మీద కాగితం తీసి మొగుడి ముందు పెట్టబోయి ఆగిపోయింది. తను గబగబా రాసిన "ఆరు ముందు పాతది"లో, "ఆరు" పక్కన వణుకుతూ ఒక ఎర్ర హంసపాదు. దాని మీద, అంతకంటే వణుకుతూ, ఒకే ఒక్క అక్షరం: కి.

సంజీవరావుగారు కోడలి వైపే చూస్తున్నారు. ఈసారి ఆయన ఏమీ అనలేదు.

"తప్పు నాదే, మావయ్యగారూ," అంది శ్రీలలిత.