నజాషీ రాజు మనుషులు

పన్నెండేళ్ళ హుమా అద్దం ముందు కూర్చుని స్ట్రెయిటెనర్‌తో జుట్టు సాఫు చేసుకుంటోంది. ఈరోజు స్కూల్లో పిల్లలందరూ తమ జాతి బట్టలు వేసుకుని, తమ పూర్వీకుల గురించి చెప్పాలి. తల్లిదండ్రులూ రావాలి.

అసలు సంగతి చెప్పడానికి ఇంతకన్నా మంచి రోజు దొరకదనుకున్నాడు తండ్రి మొహ్సిన్. నెలరోజులుగా సింగపూర్‌లోని జురాంగ్ ఈస్ట్ నుంచి స్కూలుకెళ్ళే ట్రైన్లో, కూతురికి ఆఫ్రికాలోని అక్సుమ్ రాజ్యం కథలు చెబుతున్నాడు. ఒకే రాతితో చెక్కి నిలబెట్టిన స్తంభాలు, రాజుల పేర్లతో బంగారు నాణేలు, మక్కా నుంచి పారిపోయి వచ్చిన ప్రవక్త అనుచరులకు నీడనిచ్చిన నజాషీ రాజు. హుమా రెప్ప వెయ్యకుండా వినేది.

"ఆ రాజ్యం ఎవరిదనుకున్నవ్ బేటా? మనోళ్ళదే. మా ముత్తాత హబ్షీ. ఆఫ్రికా నుంచొచ్చి నిజాం గుర్రాల ఫౌజుల చేరిండు."

నలభై ఐదేళ్ళలో భార్యకు తప్ప ఈ మాట మొహ్సిన్ ఎవరికీ చెప్పలేదు.

హుమా చెయ్యి ఆగలేదు. "ఐ నో, అబ్బా. అమ్మీ ఎప్పుడో చెప్పింది."

"మరి తెల్వనట్టు ఎందుకు విన్నవ్?"

"నువ్వు అంత హ్యాపీగా చెప్తున్నవ్ కదా. ఆపాలనిపించలే." స్ట్రెయిటెనర్ పక్కన పెట్టింది. "క్లాస్‌లో మనం అరబ్స్ అని చెప్తున్న. ఎవరన్నా అడిగితే నువ్వు కూడా అదే చెప్పు, ప్లీజ్."

లేచి వచ్చి తండ్రి టోపీని చెవులదాకా లాగింది. బయటికొచ్చిన ఉంగరాల వెంట్రుకలను వేలితో ఒక్కొక్కటే లోపలికి తోసింది.

చిన్నప్పుడు బడికి పంపే ముందు, మొహ్సిన్ తల్లి తోసినట్టే.