గ్యాస్ నొప్పి

"గ్యాసే అన్నయ్యగారూ. కంగారు పడకండి," అంది ఇంటావిడ.

కుళాయి రావడం లేదని చెప్పడానికి కిందికొచ్చిన టైలరు మాత్రం ఆ మాట నమ్మలేకపోయాడు. పై వాటాలో అతను కొత్తగా దిగాడు. ఇంకా మూటలైనా విప్పలేదు. దిగిన రోజు నుంచీ ఇల్లెగిరిపోయేలా పెళ్లాం మీద అరుస్తున్న ఇంటాయన, ఇప్పుడు పడక్కుర్చీలో వాలిపోయి మూలుగుతున్నాడు. బనీను చెమటకి తడిసి ముద్దయింది. గుండెల మీంచి చెయ్యి తియ్యడం లేదు.

"ఎప్పట్నుంచమ్మా?"

"పొద్దున లేచినప్పట్నుంచీ." ఆవిడ విసనకర్రతో తాపీగా విసురుతోంది.

"మా అన్నయ్యకీ అచ్చం ఇలాగే వచ్చిందమ్మా. గుండెకి రక్తం వెళ్లే నాళంలో గడ్డ అడ్డుపడిందట. వెంటనే తీసుకెళ్లాం కాబట్టి ఇంజెక్షనిచ్చి కరిగించారు. ఆలస్యమయ్యేకొద్దీ గుండె చచ్చుబడిపోతుందన్నారు. అంబులెన్సుని పిలవనా?"

"అలా కరిగించే మందు కూడా ఉంటుందా?" ఆవిడ కళ్లు పెద్దవి చేసింది. "ఏమో, నాకేం తెలుస్తాయి ఇవన్నీ!"

ఇంటాయన పెదాలు కదిలాయి. "దానికి... తెలుసు..."

"మాట్లాడకండి, ఆయాసం వస్తుంది," అంటూ తడిగుడ్డతో ఆయన నోరు తుడిచింది. గుడ్డ కాసేపు అక్కడే ఉంచింది. "ముందు కాస్త గ్యాస్ మాత్రలు తెచ్చిపెట్టండి, మీకు పుణ్యముంటుంది. వాటితో తగ్గకపోతే అప్పుడు చూద్దాం."

నిన్నగాక మొన్న వచ్చినవాడు, ఇల్లాలి మాట ఎలా తీసేస్తాడు? పరుగెత్తాడు. వీధి చివర మందుల షాపు మూసి ఉంది. ఇంకోటి వెతుక్కుని రొప్పుతూ తిరిగొచ్చేసరికి ఆయన పెదాలు నల్లబడ్డాయి. ఆవిడ చూపు గోడ గడియారం మీద ఉంది.

ఇక టైలరు ఎవరినీ అడగలేదు. ఫోన్ తీశాడు.

"పెద్దాసుపత్రికి మాత్రం వద్దు," అంది ఆవిడ అంబులెన్సు ఎక్కుతూ. "అక్కడ సరిగ్గా చూడరు. ఊరవతల ఇంకోటుంది, అక్కడికి పోనివ్వండి."

"అంతదూరం ఆగే మనిషి కాదమ్మా," అని డ్రైవరు పెద్దాసుపత్రికే పోనిచ్చాడు.

అక్కడికి చేరేసరికే అంతా అయిపోయింది. డాక్టరు స్టెతస్కోపు తీసేసి తల అడ్డంగా ఊపాడు. ఆవిడ గుమ్మం దగ్గరే ఆగిపోయి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

"పొద్దున్నుంచీ నొప్పేనట డాక్టరుగారూ," అన్నాడు టైలరు. పాపం, ఏమీ తెలియని అమాయకురాలు. తనే గట్టిగా చెప్పి ఉండాల్సింది.

నాలుగు ఓదార్పు మాటలు చెబుదామని దగ్గరికొచ్చిన డాక్టరు, కొంగు తొలగిన ఆ మొహం చూసి నిలువునా కొయ్యబారిపోయాడు.

"సిస్టర్... మన గుండె వార్డుకి హెడ్ నర్సు అయ్యుండి, మీరే ఇంత ఆలస్యంగా తీసుకొచ్చారేంటి?"