సగం రోడ్డు

“బ్రేకు తొక్కితే డీజిలు దండగ. దూరం నుంచే చూసి కాలు తీయల్ల,” కారు నడుపుతున్న సుమకు కంప్లి రోడ్డు పొడుగునా భర్త పరశురామ్ పాఠం చెబుతున్నాడు.

మలుపు తిరగగానే సుమ గట్టిగా బ్రేకు తొక్కింది. సగం రోడ్డు మీద వడ్లు, చుట్టూ రాళ్ళు, ఎదురుగా బస్సు.

“రోడ్డేమన్నా వీళ్ళ కళ్ళమా?” పరశురామ్ దిగి, ఒక రాయిని తన్నబోయాడు.

వంగి వడ్లు తిరగేస్తున్న ఆడమనిషి ముసుగు తీసి తలెత్తింది.

“అమ్మా, నువ్వా? ఇంత వెడల్పు పోస్తే బండ్లు ఎట్ల పోవల్ల?”

“నిన్న ఫోన్లో నువ్వే కదప్పా చెప్పింది, రోడ్డు మీదనే ఆరబొయ్యి, బండ్లోళ్ళే పక్కకు తిప్పుకోని పోతారులే అని.”

పరశురామ్ వంగి రాయిని రోడ్డు అంచుకు జరిపాడు. తర్వాత ఇంకొకటి.

“నిదానంగానే జరుపు,” కారులోంచి అంది సుమ. “ఇంజను ఆపేసినాలే.”