వెయ్యి మంది రైతులు

“చీటీ లేకుండ ఒక్క సంచి గూడ లోపలికి పోదు కనకవ్వా. సెక్రెటరీ సాబ్ ఆర్డర్,” అన్నాడు షెడ్డు కాపలాదారు గులాం రసూల్. తాళంచెవి గట్టిగా పట్టుకున్నాడు గానీ చూపు మాత్రం మబ్బు మీదే ఉంది.

ఆర్మూర్ మార్కెట్ యార్డులో ఆ సీజను నుంచే కంప్యూటర్ చీటీలు. షెడ్డులో ఎవరి సంచులు ఎక్కడ పెట్టాలో సర్వరే చెప్పాలి. ఆ రోజు పొద్దున్నుంచి ఒక్క చీటీ రాలేదు. నాలుగు కౌంటర్లలో నలుగురు గుమస్తాలు ఒకేసారి పేర్లు కొట్టేసరికి అది కాస్తా మొరాయించింది.

“తొమ్మిది నెలల కష్టం రసూలన్నా. పద్దెనిమిది సంచుల పసుపు. తడిస్తే రంగు పోతది, ఎవడు కొంటడు?” కనకవ్వకు ఏడుపొక్కటే తక్కువ.

“నా చేతుల ఏమున్నదమ్మా? పోయి ఇంజనీరును అడుగు.”

హైదరాబాదు నుంచి మిషను తెచ్చిన ఇంజనీరు సాలోమోను, ఆమె మాట పూర్తి కాకముందే కస్సుమన్నాడు. “మిషను స్లోనా? మా ఆఫీసులో టెస్టు చేస్తే నిమిషానికి వంద చీటీలు!”

“మీ ఆఫీసుల గింత మంది ఉండరు గద సారూ. గీడ మా పేర్లతోని చేసి చూడుండ్రి.”

“మీ పేర్లెందుకు? టెస్టుకు కావలసిన పేర్లు అదే పుట్టించుకుంటుంది.” పక్కనే ఉన్న యార్డు సెక్రెటరీ వైపు తిరిగాడు. “సార్, కౌంటర్లన్నీ ఆపించండి. మీ కళ్ళ ముందే చూపిస్తాను.”

“ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట,” అని గొణుక్కుంది కనకవ్వ.

కౌంటర్లు ఆగాయి. బయట ఉరిమింది. పుట్టని రైతులు, పండని పసుపు. పది నిమిషాల్లో వెయ్యి మందికి చీటీలు వచ్చేశాయి! సెక్రెటరీ చప్పట్లు కొట్టాడు. బయట జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడితే లోపల చప్పట్లు. ఒళ్ళు మండదూ?

“ఇప్పుడు కొట్టండి ఈమె పేరు,” అన్నాడు సాలోమోను దర్జాగా.

నడుస్తున్నది ఒక్క కౌంటరే గనక చీటీ ఇట్టే వచ్చింది. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. కనకవ్వ దాన్ని కొంగు చాటున పెట్టుకుని ఒకటే పరుగు.

“అచ్చింది అన్నా! జల్ది తాళం తియ్యి!”

హమాలీలు సంచులు భుజానికెత్తారు. రసూల్ తలుపులు బార్లా తీశాడు. లోపల ఒక్క సంచి లేదు. చేయి చాచి చీటీ అందుకున్నాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. తలుపులు మెల్లగా మూసి తాళం వేశాడు.

“షెడ్డు నిండిందట కనకవ్వా. నీకంటె ముందుగాల వెయ్యి మంది పెట్టిండ్రట.”