సంచిలో రెండు రంగులు

"మళ్ల ఏలికి చుట్టుకున్నవా? గా దారంముక్క పారెయ్యవే బాలమణీ!" అని వెక్కిరించింది గోదావరి.

బాలమణి నవ్వుతూ చూపుడువేలికున్న పచ్చదారం విప్పి గంపలో పడేసింది. బీడీ కట్టగా మిగిలిన ముక్క వేలికి చుట్టి దాచుకోవడం పదేళ్ల వయసులో తల్లి నేర్పిన పిసినారితనం. కార్ఖానావాళ్లిచ్చే దారం ఎవరికి చాలింది గనక!

ఇద్దరివీ గోడకు గోడ ఇళ్లు. చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కలిసే వచ్చారు. గోదావరి మాత్రం రాగానే బీడీలు సరిచూసే చెకర్ అంబాదాస్ బల్ల దగ్గరికెళ్లి, చాలాసేపు గుసగుసలాడి వచ్చింది. బీడీ ఆకు బాగాలేదని చెప్పి వచ్చానంది.

ఆ రోజు బీడీలు ఇచ్చేముందు సర్వే ఉంది. పుణె సంస్థ తరఫున వచ్చిన పద్మ వసారా మధ్యలో నిలబడింది. ఇదే ఊళ్లో కొంతం చౌక్ దగ్గర పెరిగిన పిల్లే, ఆడవాళ్లందరికీ తెలుసు.

"పోయినేడు సీదా అడిగినం, దగ్గుల రక్తం పడ్తదా అని. నాలుగొందల మందిల ఒక్కరు గూడ ఔ అనలె. గట్ల రాసుకపోతె సర్కారు ఈ పేటల దవాఖాన ఎందుకు పెడ్తది? అందుకే ఈసారి అడిగే తరీకా మార్చినం. సాంచాలు, గదే కరెంటు మగ్గాలు, నడిపేటోళ్లకు అడిగే సవాళ్లు వేరే. బీడీలోళ్లకు ఈ రెండే."

చేతిలోని గుడ్డసంచి ఎత్తి చూపించింది.

"దీంట్ల చద్దర్లు నేసే నూలు ముక్కలున్నయి. కొన్ని ఎర్రయి, కొన్ని తెల్లయి. పర్దా ఎనుకకు పోయి, చూడకుంట ఒకటి తియ్యిండ్రి. తెల్లదొస్తె 'వానకాలంల పుట్టినవా?' అన్న సవాల్‌కు జవాబు. ఎర్రదొస్తె రక్తం సవాల్‌కు. ముక్కను మళ్ల సంచిలనే ఏసి, బయటికొచ్చి ఔ అనో, కాదనో చెప్పుండ్రి. ఏ సవాల్‌కు చెప్పిన్రో నాకు తెల్వది, మీ చెకర్‌కు తెల్వది."

"మరి నీకేం ఫాయిదా?" అంది ఒక ముసలామె.

"ఎర్రయెన్నో తెల్లయెన్నో నాకెరికే. అందరి జవాబులు కలిపి చూస్తె ఎంతమందికి బీమారుందో తేల్తది. ఎవ్వరికుందో తేలదు."

నాలుగు నెలలుగా బాలమణి దగ్గినప్పుడల్లా కొంగుకు ఎర్రటి మరక అంటుతోంది. ఆ సంగతి భర్తకు కూడా చెప్పలేదు. తెలిసింది గోదావరి ఒక్కదానికే. బాలమణికి ఒంట్లో బాగాలేని రోజుల్లో ఆమె వంతు బీడీలు కూడా గోదావరే చుట్టిపెట్టేది. అంబాదాస్ చెవిన పడితే కార్ఖానా కార్డు పోతుంది, కార్డు పోతే పని పోతుంది. మిల్లు మూతపడి భర్త ఇంట్లో కూర్చున్నప్పటి నుంచి ఇంటిల్లిపాదీ ఆమె చేతుల మీదే బతుకుతున్నారు. కానీ పేటలోనే దవాఖానా వస్తే? ఎవరికీ చెప్పకుండా మందు తెచ్చుకోవచ్చు.

"నిజం చెప్తవా?" చెవిలో అడిగింది గోదావరి.

"చెప్త. బతకాలె గదనే."

పర్దా వెనక కళ్లు మూసుకుని సంచిలో చేయి పెట్టింది. తీసి చూసింది. ఎర్రది. కాదనేస్తే పోతుందిగా అనిపించింది. మళ్లీ దవాఖానా గుర్తొచ్చింది. ఎటూ తేల్చుకోలేక కాసేపు అక్కడే నిలబడి, చివరికి బయటికొచ్చింది.

"ఔ," అంది, వసారా అంతా వినబడేలా.

పద్మ తలెత్తకుండానే కాగితం మీద గీత పెట్టుకుంది. "అయిపోయింది అక్కా. ఫికర్ చెయ్యకు."

బాలమణికి ప్రాణం తేలికపడింది. గంపెత్తుకుని అంబాదాస్ బల్ల దగ్గరికెళ్లి ఒక్కొక్క కట్టా పేర్చింది. రోజూ నాలుగు బీడీలు విరిచి వంకలు పెట్టేవాడు, ఇవాళ ఒక్కటీ ముట్టుకోలేదు. ఆమె చేతులకేసే చూస్తూ కూర్చున్నాడు.

"ఏందన్నా, బీడీలు మంచిగ లెవ్వా?"

"బీడీలు మంచిగనే ఉన్నయి. రక్తం ఎన్ని దినాల సంది పడుతుంది?"

"నేను... వానకాలంల పుట్టిన అన్నా."

"నాకు చెప్పకు." ఆమె కార్డు తీసి సొరుగులో పడేశాడు. "రేపటి సంది రాకు. బీమారోళ్ల బీడీలని తెలిస్తె సేట్ పేరు ఖరాబైతది."

బాలమణి వెనక్కి తిరిగి చూసింది. వరుసలో గోదావరి ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. పొద్దున ఈ బల్ల దగ్గరే కదా గుసగుసలాడింది! ఒళ్లు భగ్గున మండింది.

"మరి గోదావరికి లేదా బీమారి? రోజు గోడవతల దగ్గుతది, నాకినబడ్తది. ఆమె కార్డెందుకు ఉంచినవ్?"

అది పచ్చి అబద్ధం. అంబాదాస్ కార్డుల కట్టలోంచి మరొకటి లాగాడు. బాలమణి చేతులు కొంగులో చుట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా వీధిలోకి నడిచింది.

సందు మలుపులో గోదావరి పరుగెత్తుకుంటూ వచ్చి పట్టుకుంది.

"నీ కార్డు గుంజుకున్నడంట గదనే!"

"నువ్వు చెప్పినంకనే గద!"

"నా బిడ్డ తోడు, నేను చెప్పలె!"

"నీకు గాక ఇంకెవ్వరికెరికె? పో నా ముందటికెల్లి!"

గోదావరి ఏడ్చేసింది. "నా కార్డు గూడ పోయిందే. నాకు దగ్గుందని ఎవరో పాపాత్ములు చెప్పిన్రంట. నువ్వన్న నమ్ముతవని ఉరికొస్తి."

"మంచిగైంది," అంది బాలమణి కసిగా.

గోదావరి కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆమె సందు దాటేలోపే బాలమణికి దగ్గు తెర వచ్చింది. కొంగులోంచి చేయి తీసి నోటికి అడ్డం పెట్టుకోబోయింది.

చూపుడువేలికి ఎర్రనూలు చుట్టి ఉంది.