టోనర్ అయిపోలేదు

ఫోన్ మోగేసరికి ఆమె స్టూలు పట్టుకుని నిలబడి ఉంది. స్టూలు మీద భర్త, భర్త చేతుల్లో కొత్త కర్టెన్.

మెసేజ్ చదివి స్టూలు వదిలేసింది.

"ఏయ్, పడతాను!"

"పడితే పడు. నా నమూనా పాసైంది!"

పెళ్ళయి రెండు నెలలు. ఉద్యోగంలో చేరి ఆరు. మూడోసారి కూడా నమూనా తిరిగొస్తే ఇక ఇంటికే అని మేనేజర్ ముందే చెప్పేశాడు.

ఆమె కంపెనీ, ఇళ్ళలో రోగులకు పెట్టే ఆక్సిజన్ యంత్రాలు తయారుచేస్తుంది. యంత్రంతో ఇచ్చే మాన్యువల్ చదవలేకపోతున్నామని ఒకటే ఫిర్యాదులు. అక్షరం ఎంత ఉండాలి, వరసకూ వరసకూ ఎంత ఎడం, హెచ్చరిక ఎక్కడ, అన్నీ తేల్చి ఒక నమూనా చెయ్యడం ఆమె పని. ఇకమీదట అక్కడ ఎవరు కొత్త మాన్యువల్ మొదలుపెట్టినా, అడక్కుండానే ఆ నమూనాయే తెరుచుకుంటుంది.

"ఇంకో సంగతి విను. అనుభవమున్న పాఠకుడొకరు చూసిపెట్టారని రిపోర్టులో రాశాగా? ఆయన్ని ఉద్యోగంలోకి తీసుకుంటారట! ప్రతి మాన్యువల్ ఆయన చూశాకే అచ్చుకెళ్తుందట!"

"ఎవరూ, మీ టోనర్ బాబాయా?"

"ఆయనే!"

కర్టెన్ ఒక కొసన వేలాడుతుండగానే ఇద్దరూ స్కూటరెక్కారు.

టోనర్ బాబాయి ఆ ఆఫీసు మనిషి కాదు. ప్రింటర్లు బాగుచేసే మెకానిక్. ఆమె మొదటి నమూనా అచ్చుతీసిన రోజు, అక్షరాలు వెలిసిపోయి వస్తున్నాయి, టోనర్ పొడి అయిపోయినట్టుందని పక్క సీటాయన ఫోన్ చేస్తే వచ్చాడు. ప్రింటర్ విప్పాడు, చూశాడు, మూశాడు.

"టోనర్ నిండుగా ఉంది తల్లీ. అక్షరాలకే రక్తం లేదు."

సన్నటి అక్షరాలు, లేత బూడిదరంగు. నాజూగ్గా ఉంటుందని ఆమె ఏరికోరి పెట్టుకున్నవి. ఆఫీసంతా గొల్లుమంది. ఆమెకు ఒళ్ళు మండింది.

"అంత తెలిస్తే మిగతావీ చెప్పండి."

వెటకారమని ఆయనకు తోచినట్టు లేదు. చెయ్యి చాచి కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు.

"ఈ వరసలు చూడు, ఆఖరి బస్సులో జనంలా. ఒకడు దిగితేగానీ ఇంకొకడు కదల్లేడు. ఇందులో ప్రాణం మీదికొచ్చే మాటేది?"

యంత్రం దగ్గర నిప్పు ఉండకూడదన్న హెచ్చరికను ఆమె వేలుపెట్టి చూపించింది.

"మరి అదెందుకు అడుగున నక్కింది, తప్పుచేసినదానిలా? ఏదీ, ఈ వాక్యం నువ్వు చదువు, వింటా."

చదివింది. సగంలోనే ఊపిరి చాల్లేదు.

"చూశావా? ఇది చదివేవాళ్ళింట్లో ఒకరు అసలే ఊపిరాడక పడున్నారు."

ఆ మాటతో ఆమె కోపం ఎటుపోయిందో తెలీదు.

అప్పట్నుంచి ఆయన ఎప్పుడొచ్చినా కొత్త పేజీ పట్టుకుని ఎదురెళ్ళేది. వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టేసేవాడు. పొగడ్త మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు. చివరిసారి పేజీని చాలాసేపు చూసి, "ఇప్పుడు లోపలికి రమ్మంటోంది," అన్నాడు. ఆ సాయంత్రమంతా ఆమె నేలమీద నడవలేదు.

బాబాయి ఇల్లు మూడో అంతస్తులో. ఆయన భార్య తలుపు తీసింది. ఆయన బల్లమీద పాత ప్రింటర్ రోలర్ తుడుచుకుంటున్నాడు.

"బాబాయ్ గారూ, మీకు ఉద్యోగం!"

గుక్కతిప్పుకోకుండా అంతా చెప్పింది. ఆయన ముఖం వెలిగింది, అంతలోనే ఆరిపోయింది.

"నాకొద్దు తల్లీ."

"ఎందుకొద్దు? కుర్చీ, బల్ల, నెత్తిమీద ఫ్యాను! చేతులకు మసి అంటదు!"

"మసి అలవాటేలే."

"మీరు ఒప్పుకోవాల్సిందే," అన్నాడు ఆమె భర్త. "మీ శిష్యురాలు మా శుభలేఖ మూడుసార్లు మార్పించింది. ప్రింటింగ్ ప్రెస్సువాడు నన్ను చూస్తే ఇప్పటికీ దణ్ణం పెడతాడు."

ఆయన నవ్వాడు గానీ తల ఎత్తలేదు.

"పిన్నిగారూ, మీరైనా చెప్పండి."

ఆవిడ భర్త వైపు ఒకసారి చూసి, "పెద్ద ఆఫీసు, ఈయనకెందుకులేమ్మా," అని కొంగు సర్దుకుంది.

మొహమాటమనుకుంది ఆమె. మేనేజర్ పంపిన ఉత్తరం ఫోనులో తెరిచి ఆయన చేతిలో పెట్టింది. "మీరే చూడండి."

ఆయన చూశాడు. దూరంగా పట్టుకుని, తల పక్కకు వంచి, నింపాదిగా చూశాడు.

"బాగుంది. వరసలకు గాలి ఆడుతోంది," అని ఫోను భార్యకిచ్చాడు.

ఆవిడ గొంతు సవరించుకుని చదివింది. "మీవంటి పాఠకులు మా సంస్థకు చాలా అవసరం. రేపు ఉదయం పది గంటలకు రావలసిందిగా కోరుతున్నాము."

ఆయన రోలర్‌ను పక్కన పెట్టాడు. గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"రేపు తొమ్మిదింటికే వస్తా తల్లీ," అన్నాడు మెల్లగా, "ఉద్యోగం పదింటికి కదా, ఆ గంటలో 'అ' ఏదో, 'ఆ' ఏదో నాకు చూపించు."